రాగి మింగిన పసితనం

ఈ కథలో పిల్లలు బతకరు. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. జరగబోయేదాన్ని ముందే చెప్పిన కాలజ్ఞానం తిరుగాడిన సీమ ఇది. ఇక్కడి దుఃఖాన్ని చివరిదాకా దాచి, చదివేవాళ్ళ గుండెలతో ఆడుకోవడం నాకు ఇష్టం లేదు. ఏం జరిగిందో తెలిసే చదవండి. ఏ మలుపులో ఎవరు ఒక్క క్షణం ఆగి ఉంటే ఆ బిడ్డ మిగిలేవాడో, ఆ మలుపుల దగ్గర నాతోపాటు కాసేపు నిలబడండి.

కందిమల్లాయపల్లెను ఇప్పుడు అందరూ బ్రహ్మంగారిమఠం అంటారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి అయిన ఊరు. ఏటా వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరుగుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి జనం కదిలి వస్తారు. స్వామిని తమవాడిగా కొలుచుకునే విశ్వబ్రాహ్మణులవి ఐదు వృత్తులు. మను సంతతికి ఇనుము, మయుడి సంతతికి కొయ్య, త్వష్ట సంతతికి రాగీ కంచూ ఇత్తడీ, శిల్పి సంతతికి రాయి, విశ్వజ్ఞుడి సంతతికి బంగారం. ఈ కథంతా త్వష్ట వాటాకు వచ్చిన లోహం చుట్టూ తిరుగుతుంది. తప్పు ఆ చేతులది కాదు. వాళ్ళు కొట్టిన బిందెల్లో ఈ సీమ తరతరాలుగా నీళ్ళు మోసుకుంది.

ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారెతోపాటు పాత్రలు పెట్టేవారు. నీళ్ళ బిందె, గుండిగ, చెంబు, పాలు కాచుకోవడానికి ఒక ఇత్తడి గిన్నె. గిన్నె అంచు కింద ఉలితో చుక్క పక్కన చుక్క పొడిచి ఆ పిల్ల పేరు రాయించేవారు. చింతపండు పెట్టి ఏళ్ళ తరబడి తోమగా తోమగా ఆ చుక్కలు అరిగి, చివరికి వేలితో నిమిరితే తప్ప పేరు తెలిసేది కాదు. పుట్టింటివాళ్ళు ఇచ్చిన వస్తువు అది. పొయ్యి మీద దాని చోటు ఇంకో గిన్నెకు దక్కేది కాదు.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. లోపల తగరం పూత ఉన్నంతకాలం పాలకు రాగి తగలదు. అందుకే కళాయి వేసేవాడు ఊళ్ళోకి వచ్చేవాడు. వీధి మొగలో చిన్న గుంట తవ్వి, తిత్తి బిగించి, బొగ్గులు రాజేసేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచి చుట్టూ మూగిన పిల్లల ముక్కులు మండేవి. తగరం కడ్డీ తాకించి, గుడ్డపేలికతో గిర్రున ఒక తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా తెల్లగా మెరిసేది. ఆ మెరుపు కొన్నాళ్ళే. తోమేకొద్దీ, గరిటె తగిలేకొద్దీ పూత లేచిపోయి అడుగున పసుపుజీర బయటపడేది. వాన పడని ఏడు కళాయి కూలి వచ్చే ఏటికి వాయిదా వేసుకోవడం కరువు సీమలో ఎవరికి తప్పుగా తోస్తుంది? ఆ పసుపుజీరను చూసి భయపడాలని ఏ తల్లికి ఎవరు చెప్పారు?

మొదటి మలుపు అదే. ఎవరూ ఆగలేదు.

పాడి ఉన్న ఇల్లు. మగబిడ్డ. ఆ గిన్నె తెచ్చే కార్జపు జబ్బు మగపిల్లల్లోనే ఎక్కువ కనిపించేది. తల్లిపాలు చాలడం లేదేమోనని జేజి బెంగపడేది. రెండు గుక్కలు ఎక్కువ పడితే బిడ్డ ఒళ్ళు చేస్తాడని ఆశపడేది. నెలల బిడ్డగా ఉన్నప్పటి నుంచే ఎనుము పాలు కాచి, ఆ గిన్నెలోనే ఉంచి, పూటపూటకూ ఉగ్గుగిన్నెతో పోసేవారు. ఆవుపాలలోనూ ఎనుము పాలలోనూ స్వతహాగా రాగి చాలా తక్కువ. పూత పోయిన ఇత్తడిలో కాచి నిలవ ఉంచితే మాత్రం పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గిన్నెలోని రాగిని లాగి పట్టుకుంటుంది. ప్రతి ఉగ్గుగిన్నెతోనూ అది బిడ్డ కార్జంలోకి చేరేది. కూలికి పోయే తల్లి రొమ్ముపాలే పెట్టుకున్న బిడ్డకు ఈ ఆపద రాలేదు. కలిగిన ఇంట, పెంచి పోషించాలన్న ఆత్రం ఉన్న ఇంట వచ్చింది. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే. ఇందులో నిర్లక్ష్యం ఎక్కడా లేదు, ఉన్నదంతా ప్రేమే.

ఏడాది నిండే వేళకు బిడ్డ ఊరికే ఏడ్చేవాడు. ఒళ్ళు సన్నగా కాలేది. కడుపు ఉబ్బేది. పక్కటెముకల కింద చెయ్యి పెడితే కార్జం గట్టిగా, అంచు పదునుగా తగిలేది. ఆ తర్వాత కళ్ళు పచ్చబడేవి, కడుపులో నీరు చేరేది. కామెర్లు కనిపించాక నెలల్లోనే బిడ్డ చేతుల్లోంచి జారిపోయేవాడు. మద్రాసు నుంచి జమ్మివారి లివర్‌క్యూర్ తెప్పించి కన్నీళ్ళతో పోసిన ఇళ్ళు తెలుగునాట ఎన్నో. కడుపు మీద వాతలు పెట్టించిన ఇళ్ళూ ఉన్నాయి. కొన్నాళ్ళకు ఆ తల్లికి మళ్ళీ కడుపు పండేది. మళ్ళీ మగబిడ్డ. మళ్ళీ అదే పుట్టింటి గిన్నె. ఒకే తల్లి బిడ్డలు ఒకరి వెనక ఒకరు పోయిన సంగతి ఈ జబ్బు మీద రాసిన వైద్యుల పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. "మా యింటికి మొగబిడ్డలు అచ్చిరావడం లేదబ్బా" అని జేజి గడపలో కూలబడితే ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు?

కలకత్తాలో సేన్ అనే వైద్యుడు ఈ జబ్బును 1887లో రాసి పెట్టాడు. తర్వాత దీనికి భారతీయ బాలల సిరోసిస్ అని పేరు పడింది. మద్రాసులో, ఇతర చోట్ల పెద్ద పెద్ద పిల్లల వైద్యులు దీని వెంట పడ్డారు. పోషకాహార లోపమా, వైరస్సా, వంశదోషమా అని వెతికారు. మన శ్రీకాకుళంలో పుట్టిన మహా పాథాలజిస్టు వులిమిరి రామలింగస్వామి, ఎన్.సి. నాయక్‌తో కలిసి 1975లో దీని మీద సమగ్రంగా రాశారు. అప్పటికీ కారణం చిక్కలేదు. 1978లో ఆర్సీన్ అనే రంగు వేసి చూసినప్పుడు ఆ పిల్లల కార్జం ముక్కల్లో గోధుమరంగు రేణువులు బయటపడ్డాయి. 1979లో స్టువర్ట్ టానర్, ఆయన సహచరులు ఆ కార్జాల్లో రాగి కొలిచి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న కార్జంలో, ఆరిన బరువు లెక్కన, గ్రాముకు 50 మైక్రోగ్రాములకు మించని రాగి ఈ పిల్లల్లో వందలు దాటి వేలకు పోయింది. పూణే కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఆనంద్ పండిత్, షీలా భావే ఇంటింటి పాల గిన్నె కథ విన్నారు. 1983లో తేలింది, ఇత్తడి గిన్నెల్లో కాచిన పాలే దారి అని.

1887 నుంచి 1979 దాకా 92 ఏళ్ళు. ఆ 92 ఏళ్ళూ గిన్నె పొయ్యి మీదే ఉంది. డాక్టరు ఇంటికి వచ్చి చెయ్యి పట్టుకుని చూసిన గదికి నాలుగడుగుల దూరంలో ఉంది. బిడ్డకు ఏం పెడుతున్నారమ్మా అని అడిగినవాళ్ళు ఉన్నారు. దేంట్లో కాచి పెడుతున్నారని అడిగి ఉంటే!

ఇది మన దేశపు శాపం అనుకున్నవాళ్ళకు ఒక మాట. ఆస్ట్రియాలోని టైరోల్ కొండ పల్లెల్లో 1900 నుంచి 1974 దాకా 138 మంది పసివాళ్ళు ఇలాగే కార్జం చెడి పోయారు. అక్కడా ఆవుపాలే, అక్కడా కళాయి లేని రాగి పాత్రలే. పాత్రలు మారాయి, చావులు ఆగాయి. పూణేలో, కామెర్లూ నీరూ రాకముందే పట్టుకున్న పిల్లల్లో కొందరిని పెన్సిలమిన్ అనే మందు బతికించింది కూడా. వాళ్ళ కార్జం క్రమంగా కోలుకుంది, కొన్నేళ్ళకు మందు మానేసినా జబ్బు తిరగబెట్టలేదు. మన పల్లెల్లో మాత్రం లాన్సెట్ కంటే ముందు స్టీలు సామాన్లు వచ్చాయి. సంతలో పాత ఇత్తడి తూకానికి వేసి కొత్త స్టీలు గిన్నెలు తెచ్చుకున్న తల్లులకు తాము ఏం వదిలించుకున్నారో తెలియదు. 1990ల నాటికి ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. పోయిన బిడ్డల పేర్లు ఎక్కడా రాసి లేవు.

మొదటి దుఃఖం అలా తీరింది. రెండోది తీరలేదు. గిన్నె మారిస్తే తీరేది కాదు అది, వంశంలో దాగి వస్తుంది.

అలా వచ్చే రాగి జబ్బుల్లో ఒకటి చాలా అరుదు, ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. రాగి ఒంటికి పట్టక శుష్కించే మగబిడ్డలు ఉంటారు. 1962లో జాన్ మెంకిస్ ఒకే కుటుంబంలోని ఐదుగురు మగపిల్లల్లో ఈ జబ్బును గుర్తించాడు. నెలలు గడిచేకొద్దీ మెడ నిలపదు, మూర్ఛలు వస్తాయి, జుట్టు రంగు తేలి, పెళుసుబారి, మెలితిరిగిపోతుంది. రాగి చాలని మేతతో గొర్రెల ఉన్ని అలాగే చెడుతుందని ఎరిగిన ఆస్ట్రేలియా వైద్యుడు డేవిడ్ డాంక్స్ 1972లో కారణం పట్టుకున్నాడు. మన దగ్గర పుట్టెంట్రుకలు మొక్కుకున్న క్షేత్రంలో తీయించేస్తాం. వైద్యుడికి సాక్ష్యం చెప్పవలసిన ఆ జుట్టు మంగలి కత్తి కింద రాలిపోతుంది. తిరిగి మొలిచింది ఎలా ఉందో చూడమని ఎవరూ అనరు. మూడేళ్ళు నిండకుండానే చాలామంది పోతారు.

రెండో దాని పేరు విల్సన్ జబ్బు. ఇక్కడే నా మనసు ఎక్కువసేపు ఆగిపోతుంది, ఎందుకంటే దీనికి మందు ఉంది.

మనం తినే వేరుశనగలో, నువ్వుల్లో, పప్పుల్లో, మేక కార్జంలో రాగి ఉంటుంది. ఒంటికి కొంచెం కావాలి. మిగిలినదాన్ని కార్జం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే జన్యువు ఏటీపీ7బీ, 13వ క్రోమోజోము మీద ఉంటుంది, 1993లో దొరికింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతులు రెండూ ఒకే బిడ్డకు చేరితే రాగి బయటికి పోదు. పుట్టిన రోజు నుంచే పేరుకోవడం మొదలవుతుంది. మొదట కార్జంలో, అది నిండాక మెదడులో, కళ్ళలో, మూత్రపిండాల్లో. సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని లెక్క. ఒక్క చెడ్డ ప్రతి మోసేవాళ్ళు దాదాపు 90 మందిలో ఒకరు. వాళ్ళకు ఏ బాధా ఉండదు, మోస్తున్నట్టు తెలియనూ తెలియదు. అలాంటి ఇద్దరు దగ్గరి బంధువులై, మేనరికంతో ఒక్కటైతే ముప్పు పెరుగుతుంది. అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం రాయలసీమలో ఆస్తి కోసమే జరగలేదు. ఆడపిల్ల కళ్ళెదుట ఉంటుందని, అత్త మేనత్తే అయితే కడుపులో పెట్టుకుంటుందని చేశారు. ఆ తల్లిదండ్రులను నిందించే మాట ఒక్కటీ నా కలం నుంచి రాదు.

ఇక ఒక బిడ్డ కథ. అతనికి పేరు పెట్టను, ఊరూ చెప్పను. వైద్యులు రాసిన కేసుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే దారినే ఒక బిడ్డ నడకగా చెబుతున్నాను. ఇల్లు ప్రొద్దుటూరుకూ మఠానికీ మధ్య ఏదో పల్లె అనుకోండి.

ఎనిమిదో ఏట కామెర్లు వచ్చాయి. కామెర్లే కదా అనుకున్నారు. ఆకు పసరు పోయించారు, చప్పిడి పత్యం పెట్టారు, ముంజేతి మీద చురక వేయించారు. కళ్ళ పసుపు దానంతటదే విరిగింది. పసరు పనిచేసిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆ రోజే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మామూలు వైరస్ కామెర్లు వచ్చిపోయాక కార్జం గట్టిగా ఎందుకు తగులుతోంది? రక్తం ఇంతలా ఎందుకు తగ్గింది? సెరులోప్లాస్మిన్ అనే రక్తపరీక్ష ఒక్కటి చేయించి ఉంటే! డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు పైన ఉండవలసింది ఆ బిడ్డలో బాగా తక్కువగా కనిపించేది. రెండో మలుపు అది. దాటిపోయారు.

పదకొండో ఏట కాపీరైటింగ్ పుస్తకం ఆ జబ్బు మాట చెప్పింది. తెలుగు అక్షరమంటేనే గుండ్రం. తలకట్టు తిన్నగా కూర్చోవాలి, సున్నా ముడుచుకోకూడదు. జూన్‌లో రాసిన పేజీలో 'అ' నిండుగా, ముత్యంలా ఉంది. దసరా సెలవుల తర్వాతి పేజీలో గుండ్రాలకు కోణాలు వచ్చాయి. సంక్రాంతి నాటికి అక్షరాలు చీమల్లా చిన్నవై, గీత దిగి, వాక్యం చివరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అయ్యవారు ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని రాశారు. ఆ పుస్తకం తిరగేసినవాళ్ళెవరికైనా శ్రద్ధ తగ్గినట్టు కాదు, చెయ్యి తప్పుతున్నట్టు తెలిసేది. పేజీ పక్కన పేజీ పెట్టి చూసినవాళ్ళే లేరు.

తర్వాత మాట ముద్దయింది. నోట్లో చొంగ కారేది. తోటి పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు, ఆ నవ్వు ఆగేది కాదు. కోపం వచ్చేది, ఎందుకో తనకే తెలియదు. బంతి విసరబోతే చెయ్యి రెక్కలా కొట్టుకునేది. ఎవరో గాలి సోకిందన్నారు. రాగిరేకు మీద యంత్రం గీయించి మెడలో కట్టారు. ఆ రేకు వల్ల బిడ్డకు కీడు ఏమీ జరగలేదు, చర్మం మీది రాగి లోపలికి పోదు. కీడు జరిగింది ఆ రేకును నమ్ముకుని గడిపిన నెలల వల్ల. సరిగ్గా ఆ నెలల్లోనే మెదడులో తిరిగి రానిది ఏదో తెగిపోయింది.

ఆస్పత్రులూ తిరిగారు. పట్నంలో ఒకరు కీళ్ళవాతం వల్ల వచ్చే వణుకన్నారు. ఇంకొకరు మనసు జబ్బన్నారు. కాళ్ళు వంకరపోతుంటే ఎముకల నీరసమన్నారు. ఏ ఊరి ఏ వైద్యుడినీ వేలెత్తి చూపడానికి ఈ మాట రాయడం లేదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తాలి బృందం 2004లో ప్రకటించిన లెక్క చూడండి. వాళ్ళ దగ్గరికి చేరిన 307 మంది విల్సన్ రోగుల్లో 192 మందికి అంతకు ముందు వేరే జబ్బు పేరు పెట్టి ఉన్నారు. అసలు పేరు తెలిసేసరికి సగటున రెండేళ్ళు పోయాయి. కొందరికి పదుల ఏళ్ళు పోయాయి. ఈ జబ్బు వంద వేషాలు వేసుకుని వస్తుంది. గుర్తుపట్టలేకపోవడం ఒక్కరి తప్పు కాదు. అయినా పోయిన రెండేళ్ళు బిడ్డవే.

చివరికి ఒక కంటి డాక్టరు స్లిట్ ల్యాంపు ముందు గడ్డం ఆనించి కూర్చోమన్నారు. సన్నని వెలుగు కంటి మీద పడింది. నల్లగుడ్డు అంచు చుట్టూ బంగారు ఛాయ కలిసిన ఆకుపచ్చ గోధుమ వలయం. మొదట పైన ఒక అర్ధచంద్రంగా మొదలై, తర్వాత కింద, తర్వాత చుట్టూ కలుస్తుంది. నల్లకళ్ళలో మామూలు టార్చికి అంత సులువుగా దొరకదు. ఆ వలయం రాగి. ఇన్నాళ్ళూ తల్లి ఆ కళ్ళలోకి చూస్తూనే ఉంది.

శాస్త్రం కూడా ఇలాగే చూస్తూ చూడకుండా గడిపింది, ఆ సంగతి చెప్పకుండా ఉండలేను. వలయాన్ని 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ చూశారు. 1912లో శామ్యూల్ కినియర్ విల్సన్ లండన్‌లో ఈ జబ్బును ఒళ్ళు గగుర్పొడిచేంత వివరంగా రాశాడు. కార్జం చెడటం, మెదడు చెడటం ఒకే కుటుంబంలో కలిసి వస్తాయన్నాడు. ఎందుకో చెప్పలేకపోయాడు. మరుసటి ఏడే, 1913లో, రుంపెల్ అనే జర్మన్ వైద్యుడు ఇలాంటి రోగి కార్జంలో రాగి ఎక్కువుందని రాశాడు. ఎవరూ తిరిగి చూడలేదు. కమింగ్స్ 1948లో కార్జంలోనూ మెదడులోనూ రాగిని మళ్ళీ కొలిచి చూపేదాకా 35 ఏళ్ళు ఆ కాగితం అలాగే ఉంది. ఆ 35 ఏళ్ళలో ప్రపంచమంతటా ఎందరు పిల్లలు మాట పోయి, మింగుడు పోయి, మంచాన పడి పోయారో ఊహించడానికి కూడా మనసు ఒప్పదు. 1956లో జాన్ వాల్ష్ పెన్సిలమిన్ ప్రకటించాడు. రోగికి ఇచ్చేముందు తానే మింగి చూసుకున్న మనిషి ఆయన. అప్పటిదాకా మరణశిక్షగా ఉన్న జబ్బు ఆ రోజు నుంచి మందుతో బతకగలిగిన జబ్బు అయింది. తర్వాత ట్రయెంటిన్, జింక్ కూడా చేరాయి.

అంటే మన బిడ్డ పుట్టక ముందే అతనికి మందు పుట్టింది.

మందు మొదలుపెట్టారు. కార్జంలోంచి కదిలిన రాగి మెదడును ఇంకొంచెం కుదిపింది. ఈ మందుతో మొదటి వారాల్లో కొందరు రోగులు తేరుకునేముందు దిగజారతారు, అది తెలిసిన సంగతే. ఆ సంగతి ఆ తండ్రికి అర్థమయ్యే తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. నిలబడగలిగిన కొడుకు మంచం పట్టాడు. "మందు పడలేదు" అన్నారు బంధువులు. మానేశారు. అదొక మలుపు. మరో ఆస్పత్రిలో మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి మెల్లగా, జింక్ తోడుగా. ఏడాదికి మాట కొంచెం తేరింది. సొంతంగా అన్నం కలుపుకున్నాడు. బాగైపోయాడనుకున్నారు, మందు ఖరీదు, ప్రయాణం, కూలి పోవడం, ఇంట్లో పెళ్ళి. ఆపేశారు. అదే ఆఖరి మలుపు. న్యూయార్క్‌లో షైన్‌బర్గ్, స్టెర్న్‌లీబ్ 1987లో రాసిన ఒక చిన్న లెక్క నన్ను వెంటాడుతుంది. పెన్సిలమిన్ మధ్యలో మానేసిన 11 మందిలో 8 మంది సగటున రెండున్నర ఏళ్ళలో పోయారు. ఈ మందు ఊపిరున్నంత కాలం వేసుకోవలసింది. ఒళ్ళు బాగున్న రోజు కూడా, బాగున్న రోజే ముఖ్యంగా.

కార్జం ఉన్నపళంగా చెడింది. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి, ఈసారి ఎనిమిదో ఏటిలా విరగలేదు. పదహారు నిండలేదు. తండ్రి పెట్టె సర్దుతుంటే పాత కాపీరైటింగ్ పుస్తకం చేతికి తగిలింది. జూన్ పేజీ దగ్గర ఆగిపోయాడు.

ఇంతవరకే అయితే ఇది ఒక బిడ్డ కథ. అతనికి తొమ్మిదేళ్ళ చెల్లెలు ఉంది. కర్మకాండకు వచ్చిన చుట్టాల మధ్య బొంగరంలా తిరుగుతూ, ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో కూర్చుంటూ, ఏమీ తెలియకుండా. అదే తల్లి, అదే తండ్రి. ఆమెకు కూడా ఆ జబ్బు ఉండటానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే ఈ జబ్బు అసలు బయటపడకుండానే బతకవచ్చని షైన్‌బర్గ్, స్టెర్న్‌లీబ్ 1968లోనే చూపించారు. చదువుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, బిడ్డలను కనవచ్చు. అన్నకు ఆ జబ్బు పేరు చెప్పిన డాక్టరే ఆ రోజు "ఇంకా పిల్లలున్నారా?" అని అడిగి ఉండాలి. అడిగేవాళ్ళు అడుగుతున్నారు. అడగని చోట, చెప్పినా మళ్ళీ బస్సెక్కి రాలేని ఇళ్ళలో, చెల్లెలు కూడా ఒక సంవత్సరం కామెర్లతో పడుకుంటుంది. జేజి అదే మాట అంటుంది. ఇత్తడి గిన్నె నాటి మాటే, పొల్లు పోకుండా.

ఒక అపోహ ఈ మధ్య వింటున్నాను, అది తొలగించాలి. రాగి చెంబులో నీళ్ళు తాగడం వల్ల విల్సన్ జబ్బు రాదు, చెంబు మానేస్తే పోదు. ఆ జబ్బు ఉన్న బిడ్డకు మాత్రం రాగి పాత్రలో నిలవ ఉంచిన నీళ్ళు, కార్జం కూర పెట్టకూడదు. తల్లులు ఎవరో చెప్పిన మాటకు చెంబును నిందించుకుంటూ కూర్చుంటే మందు దగ్గరికి చేరే రోజు ఆలస్యమవుతుంది.

ఈ సీమలోని అయ్యవార్లకు, అంగన్‌వాడీ అమ్మలకు, ఆశా కార్యకర్తలకు, పల్లె డాక్టర్లకు చేతులు జోడించి అడుగుతున్నాను. ఐదేళ్ళు దాటిన బిడ్డకు కారణం తెలియని కామెర్లు వచ్చినా, కార్జం గట్టిపడినా, ఉన్నట్టుండి రక్తం తగ్గినా, బాగా చదివే పిల్ల చేతిరాత నెలనెలకూ చెడుతున్నా, మాట ముద్దవుతున్నా, సెరులోప్లాస్మిన్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష, కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంపు పరీక్ష చేయించండి. కార్జంతో మొదలైన చిన్నపిల్లల్లో కంటి వలయం ఉండకపోవచ్చు, లేదని చెప్పి వదిలేయకండి. సెరులోప్లాస్మిన్ ఒక్కటి మామూలుగా ఉన్నా మిగతావి ఆపకండి. ఆ బిడ్డకు జబ్బు ఉందని తేలితే, అన్నాతమ్ముళ్ళకూ అక్కాచెల్లెళ్ళకూ, వాళ్ళు ఎంత ఎగురుతూ గెంతుతూ ఉన్నా సరే, అదే వారంలో పరీక్ష చేయించండి.